పటం వెనక గోడ

వ్యాపారం మునిగి పాసిర్ రిస్‌లోని ఇల్లు పోయాక, సెంబవాంగ్‌లో ఒక పాత ఫ్లాట్ చవగ్గా కొన్నాం. ప్రభుత్వ ఫ్లాట్ల రూలు ప్రకారం అమ్మేముందు ఉండాల్సిన ఐదేళ్ళూ ఉండి, బాగుచేసి అమ్ముదామనుకున్నాం. టైల్స్ మా ఆయన వేశారు, రంగులు నేను వేశాను. హాల్లో తూర్పు గోడకి మాత్రం పైయింటి నీళ్ళు దిగేవి. ఎన్నిసార్లు రంగేసినా తడి మరక మళ్ళీ తేలేది.

కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు పొద్దున్నే, ఆ మరక మీద వెంకటేశ్వరస్వామి పెద్ద పటం తగిలించి, ముందు దీపం పెట్టాను. వచ్చింది తెలుగువాళ్ళే, తల్లీ కొడుకూ. కొడుకు ప్రతి గోడా తట్టి చూశాడు. పటం దగ్గరికొచ్చేసరికి దండం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. తప్పుకుంటాడని నాకు తెలుసు. ఆ తెలివికి ఆ పూట మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఇల్లు వాళ్ళే కొన్నారు; పటాన్ని ఆ గోడకే వదిలేసి తాళాలిచ్చేశాను. గృహప్రవేశానికి ఆ ఆంటీ పట్టుబట్టి పిలిస్తే వెళ్ళాను. అదే గోడకి కొత్త పూజామందిరం కనిపించింది.

"నువ్వు స్వామిని ఉంచిన చోటే మేమూ పెట్టామమ్మా. పటం తీస్తే వెనకంతా లీకేజీ. రిపేర్‌కి నెల పట్టింది" అన్నారావిడ.

ఆ గోడ మీంచి చూపు తిప్పేసుకున్నాను.

"నువ్వెందుకమ్మా బాధపడతావ్? తెలిస్తే చెప్పేదానివేగా" అంటూ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టారు. "ఏదీ, మొదటి దీపం నీ చేత్తో వెలిగించు."