జీవరత్నం గారు చెప్పని అంగుళాలు

కొత్తపేటలో జాకెట్లు కుట్టే జీవరత్నం గారికి ఏది చూసినా ఎందుకు, ఏమిటి అని అడిగితే గానీ అన్నం సహించదు. కుట్టు మిషను బాగుచేయడానికి వచ్చినవాడు ఆవిడకు సగం పనైనా నేర్పకుండా గుమ్మం దాటలేడు. పాతికేళ్ళుగా ఆవిడ దగ్గరే కుట్టించుకుంటున్నాను, నా మాట నమ్మవచ్చు.

ఆవిడకు ఇంకో అలవాటుంది. కొలతలు తీసేది వరండాలో, నలుగురి ముందు. అందుకని కాస్త ఒళ్ళున్నవాళ్ళ నడుము కొలత తగ్గించి పైకి చెబుతారు. అసలు అంకె మనసులో ఉంచుకుని, దాని ప్రకారమే గుడ్డ కత్తిరిస్తారు. జాకెట్టు అతికినట్టు సరిపోతుంది, మనిషి నవ్వుకుంటూ వెళుతుంది. నాకూ అలాగే చెప్పారని తెలిసిన రోజున ఒళ్ళు మండి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు జాకెట్టు ముక్క పట్టుకుని వెళ్ళక తప్పలేదు.

పోయిన ఆగస్టులో చర్చి హాల్లో పళ్ళ డాక్టర్లు క్యాంపు పెట్టారు. ఒంట్లో కొవ్వుకీ చిగుళ్ళ జబ్బుకీ ఉన్న సంబంధం మీద వాళ్ళ పరిశోధన. డాక్టరు అక్షయ గారు నోళ్ళు చూస్తున్నారు. సాయానికి వచ్చిన విద్యార్థులంతా మగపిల్లలు కావడంతో మా ఆడవాళ్ళు నడుము కొలవనివ్వలేదు. టేపు పట్టడానికి జీవరత్నం గారిని పిలిచారు.

“పళ్ళు చూడ్డానికి నడుము కొలతెందుకండీ?” అన్నారావిడ, టేపు అందుకుంటూనే.

“పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే పడి ఉండదండీ. వాపు పెంచే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో చిగుళ్ళు తొందరగా పాడవుతాయేమోనని చూస్తున్నాం. షుగరు తోడైతే మరీను.”

“అయితే చిగుళ్ళు బాగుచేస్తే పొట్ట తగ్గుతుందాండీ?”

“అంత సులువైతే ముందు నేనే చేయించుకుందును,” అని డాక్టరు గారు నవ్వేశారు.

అక్కడ ఇంకో వింత ఉంది. చెప్పులు విప్పి ఎక్కితే, తెలియనంత సన్నటి కరెంటు ఒంట్లోకి పంపి, కొవ్వు ఎంత శాతమో చెప్పే తూకం మిషను. జీవరత్నం గారు దాన్ని మూడుసార్లు ఎక్కారు. ఒకసారి పాదాలు తడిపి, ఒకసారి తుడుచుకుని, ఒకసారి ఊపిరి బిగబట్టి. విద్యార్థులు విసుక్కున్నా మానలేదు.

మధ్యాహ్నం ఆవిడ ఆడపడుచు పాపాయమ్మ వచ్చింది. ఆరునెలలుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. మిషను నలభై మూడు శాతం చూపించింది. జీవరత్నం గారు టేపు చుట్టి, “ముప్ఫై నాలుగంగుళాలు,” అన్నారు. విద్యార్థి రాసుకున్నాడు.

డాక్టరు గారు కాగితం చూసి, అంత కొవ్వుకీ అంత సన్నటి నడుముకీ పొంతన కుదరక, “ఈమధ్య లావయ్యేరా అండీ?” అని అడిగారు.

“అబ్బే, లేదండీ. పదేళ్ళ నుంచీ ఇదే కొలతండీ. మా వదినే కుడతారు, ఆయ్!”

“అయితే ఈ మిషనే తప్పు చెబుతోంది. షుగరు పరీక్ష అక్కర్లేదు, పుక్కిలించే మందు రాస్తాను.”

నేను వరసలో పక్కనే ఉన్నాను. జీవరత్నం గారి మొహం పాలిపోయింది.

“మిషను మంచిదేనండీ,” అన్నారు. “తప్పు నాదండీ. నేనే తగ్గించి చెప్పేను. పొద్దుట్నుంచీ అందరికీ అంతేనండీ. ఎవరిదెంతో నాకు గుర్తుంది, రాసుకోండి.”

“గుర్తున్నవి పనికిరావండీ. అందరినీ మళ్ళీ కొలవాలి,” అన్నారు డాక్టరు గారు. గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. ముందు పాపాయమ్మకే తన చేత్తో టేపు వేశారు. నలభై ఒకటి. వేలు పొడిచి షుగరు చూస్తే మూడొందల పన్నెండు. వెంటనే పెద్ద డాక్టరుకు చూపించుకోమని చీటీ రాశారు.

పాపాయమ్మ చీటీ చూడలేదు, వదిన వైపే చూసింది. “నలభై ఒకటా? జాకెట్టెప్పుడూ సరిగ్గానే పట్టేది గదా వదినా. ఒళ్ళు పెరగలేదనే అనుకున్నాను. తెలిస్తే ఎప్పుడో చూపించుకుందును గదా.”

జీవరత్నం గారు ఏడ్చేశారు. ఆవిడ మీద నాకున్న పాత కోపం ఆ నిమిషంలోనే పోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని టేపు నా చేతిలో పెట్టారు.

“నన్ను కొలవండి. ఉన్నదున్నట్టు, అందరికీ వినపడేలా చెప్పండి.”

“నలభై మూడంగుళాలు,” అని హాలంతా వినపడేలా చెప్పాను.