కోడికి చుట్టమైన మేక

పక్షుల చుట్టరికాలను ఒక ఆదివారం ఉదయం, కుర్చీలోంచి లేవకుండానే, తలకిందులు చేసినవాణ్ని నేను. నష్టం పెద్దగా లేదు. నా ఎమ్మెస్సీ ఒక్కటే పోబోయింది.

రాజమండ్రిలో జువాలజీ చదివే రోజులు. మా గైడు మేడమ్ ఇచ్చిన ప్రాజెక్టు అచ్చం పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళ పనే: ఏ పక్షికి ఏ పక్షి ఎంత దగ్గరో రక్తాన్నే అడిగి తెలుసుకోవాలి. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు సీరం. జెల్లీ లాంటి అగర్ ప్లేటులో మధ్య గుంటలో కోడి ప్రొటీన్లను గుర్తుపట్టే ద్రవం పోస్తాం. చుట్టూ ఉన్న గుంటల్లో పక్షుల సీరం. తన వాళ్ళు కనిపిస్తే ఆ రెండు గుంటల మధ్య తెల్లటి గీత వస్తుంది. దగ్గర చుట్టమైతే లావుగా, దూరపువాళ్ళయితే సన్నగా. పెళ్ళి భోజనాల్లో మన పలకరింపుల్లాగే అనుకోండి.

కోడి, కౌజుపిట్ట, టర్కీ, బాతు. నాలుగు రక్తాలు కావాలి. రక్తమంటే నాకు గౌరవం. అందుకే దూరంగా ఉంటాను. ఆదివారం ఇంటికెళ్ళి, పాలకొల్లులో మా వీధి చివర చికెన్, మటన్ కొట్టు సత్తిబాబు గారికి పేర్లు రాసిన ట్యూబులిచ్చాను.

"చదువుకున్నోరు, ఈ గోల మీకెందుకండి? ఇలా రోడ్డు వైపు తిరిగి కూర్చోండి. టీ చెప్తాను."

"పేర్లు మారిపోకూడదండి."

"అయ్యబాబోయ్, ఎంత మాటండి!"

టీ అయ్యేలోగా ట్యూబులు నిండాయి. సైన్సు ఇంత సుఖంగా ఉంటుందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ప్లేటు పెట్టి మర్నాడు చూస్తే నాలుగింటికీ ఒకే లావు గీతలు!

"బాతూ కోడీ అక్కచెల్లెళ్ళా ఏంటయ్యా?" అన్నారు మేడమ్.

"పాఠ్యపుస్తకాలు మార్చాల్సి రావొచ్చు మేడమ్," అన్నాను వినయంగా.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మార్చేముందు మేకది కూడా పెట్టు. అది పక్షి కాదు కాబట్టి గీత రాకూడదు. వైవా రోజున ఎగ్జామినర్ గారి ముందే ప్లేటు తెరుద్దాం. తేడా వచ్చిందా, మళ్ళీ ఏడాది చదువుకోవాలి."

మళ్ళీ ఆదివారం, మళ్ళీ కుర్చీ, మళ్ళీ టీ.

వైవా రోజున మూత తీశాను. మేక దగ్గర గీత ఏటిగట్టంత లావుంది.

"మేక గుడ్లు ఎన్నాళ్ళు పొదుగుతుందండి?" ఎగ్జామినర్ గారు చాలా మర్యాదగా అడిగారు.

"ఆ వివరం నా దగ్గర లేదండి."

"రక్తం మీరే తీశారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి, మేడమ్ మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. "కొట్టాయన తీశారండి."

"అయితే ఫోన్ చెయ్యండి. స్పీకర్లో పెట్టండి."

చేశాను. "సత్తిబాబు గారూ, ఆ మేక రక్తం మేకదేనాండి?"

"ఆ రోజు మేక కొయ్యలేదండి. మిమ్మల్ని ఉత్త చేతులతో పంపితే ఏం బాగుంటుంది? కోడిది పట్టేశాను."

"మరి బాతు?"

"బాతులూ రాలేదండి. కౌజులు ముందురోజే అయిపోయాయి. టర్కీ మన వైపు ఎవరు తింటారండి?"

"అంటే అన్నీ..."

"అన్నీ కోడివేనండి. అలాగని బాయిలర్‌ది పోశాననుకునేరు! చదువుకునే బాబు కదా అని నాటుకోడిదే పోశాను."

మేడమ్ ఫైలు వెనక మొహం దాచుకున్నారు. ఫైలు ఊగుతోంది. ఎగ్జామినర్ గారు కళ్ళు ఒత్తుకుంటూ అన్నారు: "అయిదు పేర్లతో ఇచ్చినా అయిదూ కోడేనని మీ ప్లేటు పట్టేసింది. పరీక్ష మాత్రం దివ్యంగా చేశారండి. నెల గడువిస్తున్నాను. ఈసారి కుర్చీ వద్దు."

బాతు చేత మూడుసార్లు పొడిపించుకుని, ఆ నెలలోనే పాసయ్యాను.

కనుక, నవ్వుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ జీవి రక్తమైనా ఆ జీవిని కళ్ళారా చూసి, కుశలమడిగి, నా చేత్తోనే తీస్తాను. కళ్ళు తిరిగి పడిపోతే, పడ్డచోటి నుంచే తీస్తాను.