చల్లపల్లి ఎలుకలు, గుణదల ఎలుకలు

చల్లపల్లి దగ్గర రైసుమిల్లులో ఊక బస్తా మూతి విప్పగానే ఆ పొడి వాసనకి నాకు తుమ్మొచ్చింది. తుమ్ము వెనకే రజియా మేడమ్ గుర్తొచ్చారు. ఊక అంటే అందరికీ వడ్లు గుర్తొస్తాయి, నాకు మాత్రం ఎలుకలు. విజయవాడలో ఆవిడ దగ్గర పరిశోధన చేసిన రోజుల్లో ఎలుకల డబ్బాల్లో పరుపుగా పరిచింది దాన్నే.

అవి మామూలు ఎలుకలు కావు. పెరిగేకొద్దీ తమంతట తామే షుగరు తెచ్చుకునే జాతి. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని శత్రువులనుకుని చంపేస్తాయి. ఆ కాపలాని ముందుగానే మందుతో అణిచి ఉంచితే షుగరు ఆగుతుందా అన్నది మా ప్రశ్న. ఈ సంగతి మా ఊళ్లో చెబితే, "పొలంలో ఎలకలు చచ్చే మందుంటే చెప్పవయ్యా" అనేవారు. ఎలుకల్ని బతికించడానికి పెద్ద చదువు చదువుతున్న రైతుబిడ్డని ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

మేడమ్‌కి అది చదువు మాత్రమే కాదు. ఆవిడ తమ్ముడు సలీమ్ చిన్నప్పటినుంచీ ఇన్సులిన్ సూదుల మీదే ఉన్నాడు. అతనికి పాప పుట్టింది. పాపకీ వస్తుందేమోనన్న భయాన్ని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

ఏ డబ్బాకి మందు వెళుతోందో మా ఇద్దరికీ తెలియకూడదు. మందు వేసే పని పక్క ల్యాబు వాళ్లది. అంకెలు వేస్తే ఒకటో నంబరు మీద మోజు పుడుతుందని మేడమ్ డబ్బాలకి ఊళ్ల పేర్లు పెట్టారు: గుణదల, చల్లపల్లి. గుణదల ఆవిడ ఉండే చోటు, చల్లపల్లి మా ఊరు. ఇంకేం, మోజు రెట్టింపయింది. మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారితే షుగరు వచ్చినట్టు. చల్లపల్లి పట్టీ ఏ కాస్త మారినట్టున్నా, నా కంటికి మారనట్టే కనపడేది.

"ఏమయ్యా, పట్టీ చూస్తున్నావా, ఓటేస్తున్నావా?" అన్నారొకరోజు.

"ఊరి పరువు మేడమ్."

"అయితే ఇకనుంచి నువ్వు గుణదల చూడు. చల్లపల్లి నేను చూస్తా."

గుణదల ఎలుకలకి ఒకదాని తర్వాత ఒకదానికి షుగరు వచ్చింది. చల్లపల్లి పట్టీల్ని మేడమ్ కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసేవారు. రంగు మారలేదు. అయినా గడువు ముగిసేదాకా పెదవి విప్పలేదు.

పక్క ల్యాబు వాళ్లు గుట్టు విప్పిన ఉదయం తేలింది: మందు చల్లపల్లికే! ఎప్పుడూ నిదానంగా నడిచే మేడమ్ చెప్పులు వదిలేసి వరండా అంతా పరిగెత్తారు. ఆ చెప్పులు పట్టుకుని వెనక నేను. ఫోను స్పీకర్లో పెట్టారు.

"సలీమ్! ఆగిందిరా! ఎలకలకి ఆగింది!"

"నాకేమన్నా పనికొస్తుందా ఆపా?" అక్కని అతను ఆపా అనే పిలుస్తాడు.

"నీకు కాదురా. నీ కణాలు ఎప్పుడో పోయాయి."

"మరి పాపకి?"

మేడమ్ గొంతు తగ్గింది. "ఇంకా కాదు. కాపలా మొత్తాన్ని నిద్రపుచ్చాం. ఇక ఏ జబ్బయినా లోపలికొచ్చేస్తుంది. పసిదానికి అలాంటి మందెలా వేస్తాం? తప్పు చేసే కాపలావాణ్ణొక్కణ్ణే పట్టుకోవాలి. కానీ ఆపొచ్చని తెలిసింది కదరా!"

"సరే ఆపా. ఎలకలకి నా ముబారక్ చెప్పు."

డబ్బా ముందు నిలబడి, ఇద్దరం నిజంగానే చెప్పాం.

ఇప్పుడు నాకూ ఒక ల్యాబుంది. ఆ కాపలావాడి కోసమే ఇంకా వెతుకుతున్నాం. ఊక బస్తా భుజానికెత్తుతుంటే మా విద్యార్థిని ఫోను చేసింది.

"సార్, ఇబ్రహీంపట్నం డబ్బాలో ఒక్కదానికీ రాలేదు సార్!"

"నీది ఏ ఊరమ్మా?"

"...ఇబ్రహీంపట్నమే సార్."

"అయితే పట్టీలు అక్కడ పెట్టి, ఇంకొకళ్లని చూడమను" అని మహా గంభీరంగా ఫోను పెట్టేశాను. తర్వాత బస్తాతో సహా కారు దాకా పరిగెత్తాను, దారంతా ఊక రాల్చుకుంటూ.