పోపు లేని పది రోజులు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మాట వరసకి అంటున్నది కాదు. సరోజినీ నగర్‌లో మాకు మొదట ఇచ్చిన క్వార్టర్‌లో అంతకు ముందున్నాయన ఉరేసుకున్నాడని ఎవరూ దిగేవారు కాదు. మేం దిగాం. తొమ్మిదేళ్లు ఉన్నాం. ఆ గదిలోనే మా అమ్మాయిని ఒళ్లో వేసుకుని జోకొట్టాను. బల్లులు తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఇప్పుడు నేను చెప్పేదాంట్లో కూడా దయ్యం లేదు. ఉండుంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవారు.

మాది బొబ్బిలి వైపు. ఆయన ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తా. వచ్చిన ఉత్తరాలూ పోయిన ఉత్తరాలూ రిజిస్టర్‌లో ఎక్కించే పని. మా పాత క్వార్టర్లు పడగొట్టేశాక మయూర్ విహార్‌లో లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తుకి అద్దెకి వచ్చాం. ఒక్కతే అమ్మాయి, లావణ్య. గుర్‌గావ్‌లో ఉద్యోగం. అప్పట్లో రోజూ ఇంటి నుంచే వెళ్లొచ్చేది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది.

నేను చదివింది ఏడో తరగతి వరకే గానీ జ్ఞాపకం గట్టిది. లావణ్య బారసాలకి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా నన్నే అడిగేవారు. అలాంటిది నేను చెయ్యని పని చేసినట్టు నాకే గుర్తుండటం అన్నది ఆ పది రోజుల్లోనే చూశాను.

పోయిన చలికాలం, ఒక మంగళవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, టిఫిన్ డబ్బా సింకులో పెడుతూ నవ్వారు.

"ఏటే, ఇయాల పప్పుకి పోపెయ్యలేదేటి?"

"ఎందుకెయ్యలేదూ? ఆవాలు చిటపటలాడ్డం నా చెవులారా విన్నాను. మీ నోటికే రుచి చచ్చింది."

"అచ్ఛా! అయితే ఎయ్యని రోజల్లా కేలండర్‌లో టిక్కెడతాను. నెలాఖరుకి ఫైలు కట్టి నీ ముందెడతాను, అప్పుడు సంతకం పెడుదువు గానీ."

ఆయన ధోరణే అంత. ఇంట్లో కూడా గుమాస్తాయే. ఆ సంగతి నేను అక్కడితో మర్చిపోయాను.

ఆదివారం నాడు ముగ్గురం కలిసి భోంచేస్తుంటే లావణ్య మొహం చిట్లించింది. "మమ్మీ, దాల్ ఇత్‌నీ ఫీకీ క్యోఁ హై?" అంది. పప్పు ఎందుకింత చప్పగా ఉందని. ఆయన నా వైపు చూడకుండా, "నేనేటీ అన్లేదే, నీ కూతురే అంది" అన్నారు. నాకు కోపమొచ్చింది. అదే పప్పు నేనూ తింటున్నాను. నాకు ఆవాలు పంటికి తగులుతున్నాయి. కరివేపాకు వాసన వస్తోంది. ఒట్టేసి చెప్పమన్నా చెప్తాను.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. పొద్దున్నే బండి మీద కూరలు తెచ్చే భయ్యా కింద నుంచి కేకేస్తే, బాల్కనీలోంచి సొరకాయ అడిగాను. మా సాబ్‌కి సొరకాయంటే ఇష్టం అని చెప్పబోయి, "సాబ్ కో లౌకీ బహుత్ పసంద్ థీ" అన్నాను.

"థీ?" అని భయ్యా పైకి చూసి నవ్వాడు. "అబ్ నహీఁ హై క్యా, ఆంటీజీ?"

ఇష్టం ఉండేదా, ఇప్పుడు లేదా అని అడిగాడు. నేనూ నవ్వేశాను. నా హిందీ ఈ కాలనీ అంతటికీ తమాషా. ఇరవై ఆరేళ్లుగా నా మొగుడు ఆఫీసుకి 'జాతీ హై', నా కూతురు ఇంటికి 'ఆతా హై'. మగవాళ్లకి ఆడమాట, ఆడపిల్లకి మగమాట. అందుకని ఆ 'థీ' ని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

రెండు రోజులకి కింద అంతస్తు సుశీల గారు గోంగూర పచ్చడి ఇవ్వడానికి వచ్చారు. విజయవాడ మనిషి, మాట మొహం మీదే అనేస్తారు. గిన్నె అందుకుంటూ నేను, "మా ఆయన గోంగూర ఎంత పెట్టినా తినేవారు" అన్నాను.

"తినేవారేంటండీ? ఇప్పుడు మానేశారా ఏం? మనిషి పొద్దున మెట్ల దగ్గర కనపడ్డారుగా!"

ఈసారి నెపం వెయ్యడానికి హిందీ లేదు. "నోరు జారిందండీ" అన్నాను. ఆవిడ నవ్వుతూ వెళ్లిపోయారు. నేను తలుపేసి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని కాసేపు నిలబడ్డాను. తర్వాత కుక్కర్ కూత పెట్టింది, వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ మర్నాడు శుక్రవారం. ఆయన ఎప్పటిలాగే మెట్రోకి వెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి లేచి, అక్కడే పడిపోయారట. మేం ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది.

డాక్టరమ్మది చిన్న వయసు. గుండె బలహీనపడి చాలా రోజులై ఉంటుందని చెప్పింది. ఆయాసం, కాళ్ల వాపు ఉండే ఉంటాయి, ముందే తీసుకొస్తే మందులతో నిలబెట్టగలిగేవాళ్లం అంది. "ఇంట్లో ఎవరూ ఏమీ గమనించలేదా?" అని అడిగింది. నేను లేదన్నాను. లావణ్య నా పక్కనే ఉంది.

ఆయన పోయాక పది రోజులూ మా ఆడపడుచు వచ్చి వంట చేసింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరు పట్టుకుని గట్టిగా ఊపినా రాలేదు. వచ్చినవాళ్లు నా మొహం చూసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు మాత్రం ఏదో ఏడ్చి ఏడ్చి లేచినట్టు ఉంది. ఒళ్లంతా అలిసిపోయి ఉంది. అన్నీ అయిపోయాక ఎవరో వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నట్టుంది.

పన్నెండో రోజు దాటాక, నెల మారిందని లావణ్య వంటింట్లో కేలండర్ కాగితం తిప్పబోయి ఆగిపోయింది. నన్ను పిలిచింది. మంగళవారం నుంచి పెన్సిల్‌తో చిన్న చిన్న టిక్కులు. ఆదివారం కూడా ఉంది. మరుసటి గురువారం దాకా, ఒక్క రోజు కూడా తప్పకుండా, పది. శుక్రవారం గడి ఖాళీగా ఉంది.

శుక్రవారం నాటి డబ్బా ఆఫీసువాళ్లు తెచ్చిచ్చినప్పుడు నేనే కడిగాను. మూత లోపల కరివేపాకు రెబ్బలు ఒక పక్కకి తీసి పెట్టి ఉన్నాయి. ఆయన ఎప్పుడూ అలాగే ఏరి పెట్టేవారు. అంటే ఆ రోజు పోపు ఉంది.

టిక్కులు నేను కూడా వేలు పెట్టి లెక్కపెట్టాను. మా ఇళ్లలో చావు జరిగితే పది రోజులు పోపు పెట్టరు. మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తెలియక మూకుట్లో ఆవాలు వెయ్యబోతే మా నాయనమ్మ చేతి మీద కొట్టింది. పోపు వాసన వీధిలోకి పోకూడదని చెప్పింది. పదకొండో రోజున తనే నా చేత వేయించింది. ఇంత జ్ఞాపకం ఉన్న నాకు, ఆయన బతికున్న ఆ పది రోజుల్లో ఈ సంగతి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

లావణ్యకి అన్నీ చెప్పాను. సొరకాయ మాటా, గోంగూర మాటా. దాచడానికి నాకు ఏమీ కనపడలేదు. కూతురే కదా, చెప్తే బరువు తగ్గుతుందనుకున్నాను.

అది నాలుగు రోజులు ఫోన్లో ఏవేవో చదివింది. తర్వాత కూర్చోబెట్టి, తెలుగూ హిందీ కలిపి నిదానంగా చెప్పింది. మనకి తెలియకుండానే మన మెదడు బోలెడు చూస్తుందట, వింటుందట, లెక్క కడుతుందట. అందులో మన దాకా వచ్చేది చాలా కొంచెమట. మిగతాది చేతుల్లోంచో నోట్లోంచో బయటపడుతుందట.

వింటుంటే ఒక్కొక్కటీ నా కళ్ల ముందుకొచ్చింది. ఆయన బూట్లు మానేసి చెప్పులతో ఆఫీసుకి వెళ్లడం, బూట్లు బిగుతుగా ఉన్నాయనడం. తల కింద రెండో దిండు అడగడం. సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు రెండో అంతస్తులో ఆగడం, కాసేపటికి మళ్లీ మొదలవడం. ఆగినంతసేపూ నేను పైన కూర తరుగుతున్న చెయ్యి ఆపి ఉండేదాన్ని. అదీ ఇప్పుడే గుర్తొచ్చింది. అన్నీ చూశాను. అన్నీ విన్నాను. చేతికి తెలిసింది, నోటికి తెలిసింది. డాక్టరమ్మకి లేదని చెప్పింది నేను.

గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టే దానికి చెప్పేశాను. విని లావణ్య, "తో ఆప్‌కో పతా థా" అంది. అంటే నీకు తెలుసన్నమాట.

"లేదమ్మా. నాకు తెలీదు. తెలిస్తే ఈడ్చుకుని తీసుకెళ్లనా?"

"ఆప్‌కో నహీఁ, తో ఫిర్ కిస్‌కో పతా థా, మమ్మీ?"

నీకు కాకపోతే మరెవరికి తెలుసని. అరిచి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నాలో ఇంకొకరు ఉన్నారని చెప్పనా? ఆవిడ కూడా నా వంటింట్లోనే, నా చేతులతోనే వండింది కదా. తనకి తెలిసినప్పుడు నాకొక్క మాట చెప్తే ఏం పోయింది?

జబ్బు సంగతి మెదడు పసిగట్టిందంటే ఒప్పుకుంటాను. కానీ పది రోజులు? సరిగ్గా పది లెక్కపెట్టి, పదకొండో రోజు మైల వదిలినట్టు పోపు పెట్టడం? ఏ రోజు పోతారో ముందే ఎవరు లెక్కపెట్టారు? లావణ్య చదివినదాంట్లో దానికి జవాబు లేదట. ఒక్కోసారి ఇంకో ఆలోచన వస్తుంది. బతికున్న మనిషికి నేను మైల పట్టాను కాబట్టే ఆయన పోయారేమో. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే రాస్తున్నాను.

ఆ నెలలోనే లావణ్య గుర్‌గావ్‌లో హాస్టల్‌కి మారిపోయింది. ఆఫీసు దగ్గరని చెప్పింది. ఆదివారాలు వస్తుంది, సాయంత్రం వెళ్లిపోతుంది. వచ్చినప్పుడు నేను దాని మొహంలోకి సూటిగా చూడను. నీళ్లు ఇచ్చేటప్పుడు గ్లాసు వైపు చూస్తాను. అది మాట్లాడుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను. నా కళ్లు దానిలో ఏం చూస్తాయో, చూసి నాకు చెప్పకుండా ఏం మొదలుపెడతాయో అని భయం.

పోయిన ఆదివారం చెప్పులేసుకుంటూ, తెలుగులో అడిగింది. "నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదా అమ్మా?"

నేను గోడ వైపు చూస్తూ, "జాగ్రత్తగా వెళ్లమ్మా" అన్నాను. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక మెట్ల మీద అడుగులు వినపడకుండా రెండు చెవులూ మూసుకున్నాను.