గలగలమన్న ములికి

ఇప్పుడంటే కాస్త మెత్తబడ్డాను గానీ, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తాగా చేరిన కొత్తలో, నాకు తిన్న అన్నం అరగాలంటే మా బావ మీద కాసేపు కుళ్ళుకోవాల్సిందే. బావంటే మేనత్త కొడుకు, నా ఈడువాడే. బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. చొక్కా నలగదు, క్రాపు చెదరదు. మా అమ్మ సైతం కూరలో మంచి ముక్కలు ఏరి వాడికే వడ్డించేది (కన్నకొడుకుని, పక్క పీట మీదే ఉండేవాణ్ణి).

అలాంటి వాడూ నేనూ ఒకేసారి మనసు పడ్డ వస్తువు పెదనాన్న వెదురు విల్లు. కళ్ళు సరిగా ఆనక ఆయన దాన్ని మా ఇద్దరిలో ఒకరికి ఇచ్చేద్దామనుకున్నాడు. "విల్లు ఎవడైనా వంచుతాడ్రా. మంచి ములికి ఎంచటం తెలిసినోడికే ఇస్తా. గడ్డి కూరిన గోనెసంచికి కొట్టి చూపించండి. అడవిపందుల జోలికి మాత్రం పోబాకండి, ఫారెస్టోళ్ళు మనల్ని లోపలేస్తారు," అన్నాడు. ములికంటే బాణం కొనకు బిగించే ఇనపమొన. వేటబాణాల ములుకులకు కత్తుల్లాంటి వెడల్పు రెక్కలుంటాయి.

ఇద్దరం ఆన్‌లైన్లో తెప్పించిన ములుకులన్నీ పెదనాన్న ఇంటి అరుగు మీద పోశాం. బావ మసకగా ఉన్న రెండు రెక్కల ములికి తీసి బాణానికి బిగించాడు. అరచేతి మీద నిలబెట్టి తిప్పి, వణుకుతుందేమో చూశాడు. అంచుతో ముంజేతి వెంట్రుకలు గీసుకుని, చాలన్నాడు. నాకు నవ్వొచ్చింది. రోజూ మిరపకాయల బస్తాలు చూసి ధర కట్టించే నాకా సరుకు ఎంచటం నేర్పేది? రంగు చూశాను, మెరుపు చూశాను, గుప్పిట్లో పట్టి చెవి దగ్గర ఊపాను. తళతళలాడే మూడు రెక్కల ములికి ఒకటి గలగలమంది. యార్డులో గలగలమన్నదంటే బాగా ఎండిన కాయ, కళ్ళు మూసుకుని కొనొచ్చు.

"అదేంటి బామ్మర్దీ, మోగుతోంది?" అన్నాడు బావ.

"మోగితేనే సరుకు బావా. సుద్దముక్కలు అరగదీసేవాడివి, నీకేం తెలుసు?"

వాడి బాణం సంచి నడిమధ్యన దిగింది. నాది ఈల వేసుకుంటూ వంకర్లు తిరిగింది. వదులుగా ఉన్న రెక్క ఒకటి దారిలోనే ఊడి, దండెం మీది పెదనాన్న పంచెను నిలువునా చీరేసింది. మిగతా బాణం పక్కన ఆరబోసిన మిరపకాయల్లో దూరి ఘాటు లేపింది. అందరం తుమ్ములు. ఆ తుమ్ముల మధ్యే పెదనాన్న విల్లు తీసి బావ చేతిలో పెట్టాడు. "ఏరా, ములికిని తెమ్మంటే మిరపకాయను తెచ్చావా?" అన్నాడు నాతో. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఘాటుకే అనుకున్నారంతా (సగం నిజమే).

ఆ విల్లు ఇప్పుడు బావ ఇంట్లో గోడకుంది. వాడికి భుజం పట్టేసి నారి లాగలేడు. మొన్న వెళ్తే, "నువ్వు తీసుకెళ్ళు బామ్మర్దీ, నీకిష్టం గదా," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంచితనం కూడా వాడికే దక్కాలా? "నాకెందుకులే బావా," అనేసి, కాఫీ తాగి లేచాను. బయటికొచ్చి స్కూటర్ స్టార్ట్ చేశాక కూడా వెంటనే కదల్లేదు. ఇంకొక్కసారి అడుగుతాడేమోనని గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను.