సైజున్నర తక్కువ

సుభద్రకు నలభై ఏడేళ్లు. పుట్టి పెరిగింది తణుకులో. దేశం దాటి పామర్‌స్టన్ నార్త్ అనే ఈ ఊరికి వచ్చి పద్నాలుగేళ్లయింది. వచ్చిన ఏడాది నుంచీ ఒకే వృద్ధాశ్రమంలో పని. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మూడున్నర దాకా ముసలివాళ్లను లేపడం, స్నానాలు చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం, మళ్లీ పడుకోబెట్టడం. ఇంటిముందు కారు ఆపాక, దిగడానికి ఓపిక రావాలని అయిదు నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చునేది.

అలాంటి మనిషి పరుగు మొదలుపెట్టింది. షుగరు అంచున ఉందని డాక్టరు చెప్పినప్పుడు తలూపి వచ్చేసింది తప్ప పెద్దగా పట్టించుకోలేదు. ఆగస్టులో ఆశ్రమానికి కొత్తగా ఒకావిడ వచ్చింది. అరవై ఒక్కేళ్లు. షుగరు ముదిరి కుడిపాదం తీసేశారు. ఆవిడను మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే పైకెత్తే మిషనూ కావాలి, ఇద్దరు మనుషులూ కావాలి. గాల్లోకి లేచినంతసేపూ ఆవిడ కళ్లు గట్టిగా మూసుకునేది. తనకూ ఆవిడకూ తేడా పద్నాలుగేళ్లేనని సుభద్రకు ఒకరోజు దుప్పటి మడతపెడుతుండగా తట్టింది. ఈ ఊళ్లో తన పద్నాలుగేళ్లు ఎటు పోయాయో తెలియనేలేదు.

ఆ ఆదివారమే నది ఒడ్డున పరిగెత్తడానికి వెళ్లింది. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం పరిగెత్తి, నాలుగు స్తంభాల దూరం నడిచింది. డ్యూటీకి వేసుకునే నల్ల బూట్లే వేసుకుంది. మూడో వారానికి బొటనవేలి గోరు నల్లబడింది. మడమ నొప్పికి పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయడం గండమైపోయింది.

"ఆపెయ్యకూడదూ?" అన్నాడు భర్త రవికిరణ్. అతను సిటీ బస్సు నడుపుతాడు. "ఎనిమిది గంటలు నిలబడి వస్తున్నావు. అది చాలదా?"

అతని గొంతులో కోపం లేదు. అతనూ అలసిపోయే ఉన్నాడు.

ఆశ్రమంలో నర్సుగా చేసే విజయ మాత్రం, "అక్కా, ముందు మంచి షూస్ కొనుక్కో. పాదం చూసి ఇచ్చే షాపుంది టౌన్‌లో," అంది.

నవంబరులో ఒక గురువారం, డ్యూటీ దిగి యూనిఫాంతోనే ఆ షాపుకి వెళ్లింది. గోడ నిండా రంగురంగుల బూట్లు. బక్కపలచగా, ఎండకు కమిలిన మొహాలతో ఉన్న ఇద్దరు ముగ్గురు పరుగు పోటీల గురించి మాట్లాడుకుంటున్నారు. వెనక్కి వెళ్లిపోదామనుకుంటుండగానే డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డ ఒకావిడ ఎదురొచ్చింది. పొట్టి తెల్లజుట్టు. చొక్కా మీద హీథర్ అని పేరు.

"కూర్చో. ఏం నొప్పి?" అని అడిగింది ఇంగ్లీషులో. ఏం కావాలని అడగలేదు.

మడమ నొప్పి, నది ఒడ్డున పరుగు సంగతి చెబుతూ సుభద్ర కూర్చోగానే హీథర్ మోకాళ్ల మీద నేలకు దిగి ఆమె పాదం అందుకోబోయింది. సుభద్ర చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కుంది. తల్లి వయసు మనిషి తన కాళ్లు పట్టుకోవడమా!

"మీరు లేవండి, నేనే విప్పుకుంటాను."

"నా పనే ఇది. పాదాలంటే నాకు అసహ్యం లేదులే," అంది హీథర్.

రోజుకు పదిమంది ముసలివాళ్ల కాళ్లకు మేజోళ్లు తొడుగుతూ తాను అనే మాటా దాదాపు అదే. సుభద్ర మెల్లగా పాదం ముందుకు చాపింది. హీథర్ మేజోడు తీసి, నల్లబడిన గోరు చూసింది. కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఈ నల్ల బూట్లు ఎన్నాళ్ల నుంచి?"

"ఇవి రెండేళ్లు. అంతకుముందువీ ఇదే సైజు."

"ఇవి నీకు సైజున్నర తక్కువ. పైగా నీ ఎడమపాదం కాస్త పెద్దది."

సుభద్రకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇన్నేళ్ల కాళ్లనొప్పులు వయసు వల్లే అనుకుంది. అలవాటైపోయిందనుకుంది. ఒక్కరోజూ బూటును అనుమానించలేదు.

నాలుగైదు జతలు తొడిగి నడిపించింది హీథర్. చివరి జత వేసుకోగానే పాదాలు మెత్తటి దూదిలో దిగినట్టయింది. లేచి నడవాలి. సుభద్ర లేవలేదు. ఒళ్లంతా బరువుగా ఆ కుర్చీలోకి జారిపోతున్నట్టుంది. హీథర్ తొందరపెట్టకుండా పక్క కుర్చీలో కూర్చుంది.

"ఎందుకు పరిగెత్తుతున్నావు?" అని అడిగింది కాసేపటికి.

షుగరని చెబుదామనుకుంది. నోటివెంట వేరే మాట వచ్చింది. "నేను రోజూ మనుషుల్ని ఎత్తుతాను. నన్ను ఎవరూ ఎత్తకూడదని."

హీథర్ తలూపింది. "వీటితో వేగం రాదు. నొప్పి తగ్గొచ్చు. నేను చెప్పగలిగేది అంతే."

ధర మూడువందల నలభై డాలర్లు. సుభద్ర కార్డు పెట్టింది. తనకోసం ఇంత ఖరీదైన వస్తువు ఇదివరకెప్పుడూ కొనుక్కోలేదు.

"మూడొందల నలభయ్యా!" అన్నాడు రవికిరణ్ పెట్టె తిప్పి చూస్తూ. "ఇంతకీ పరిగెత్తేది నువ్వా, ఇవా?"

"ఇవే పరిగెడితే బావుండు. నేను పడుకుందును," అంది సుభద్ర. ఇద్దరూ నవ్వారు. చాన్నాళ్లకు.

హీథర్ చెప్పినట్టే జరిగింది. మడమ నొప్పి నెల తిరిగేసరికి తగ్గింది. వేగం రాలేదు. అలుపూ తగ్గలేదు. కొన్నిరోజులు నది దాకా వెళ్లి, బూట్ల తాళ్లు కట్టుకుని, ఎదురుగాలి చూసి, కారు దిగకుండానే ఇంటికొచ్చేసేది. అలా వచ్చిన రోజు రవికిరణ్ టీ పెట్టి ఇచ్చేవాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, వంతెన దాకా ఉన్న రెండు కిలోమీటర్లూ ఆగకుండా పరిగెత్తింది. కుక్కతో నడుస్తున్న ఒక ముసలాయన ఆమెను దాటి ముందుకెళ్లిపోయాడు. వంతెన దగ్గర రెయిలింగ్ పట్టుకుని వంగి, చాలాసేపు ఊపిరి తీసుకుంది. కళ్లు బైర్లు కమ్మాయి. సంతోషం రావాలి కదా అని ఎదురుచూసింది. ముందు దాహం వేసింది. సంతోషం తిరిగి వచ్చే దారిలో కొద్దికొద్దిగా వచ్చింది.

ఇంటికి వెళ్లి చెబితే రవికిరణ్ ఉల్లిపాయలు తరగడం ఆపి చూశాడు. "మొత్తమా? ఆగకుండా?"

"ఆగకుండా."

"రేపూ వెళ్తావా?"

"రేపు డబుల్ షిఫ్ట్. ఎల్లుండి చూద్దాం," అని సుభద్ర బియ్యం కడగడానికి లేచింది.