లోతు గిన్నె, చప్పిడి మూతి

మా చెల్లెలు దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, కిటికీ కింద కత్తిరింపు బల్ల, మెడలో టేపు: ఇదీ ఆమె సామ్రాజ్యం. నడుము పెరిగి వచ్చిన ఆసామితో సైతం, "ఉతుకులో బట్ట ముడుచుకుపోయిందండీ, సరిచేసేస్తాలెండి" అనే మనిషి. ఎవరినీ నొప్పించలేని ఈ గుణం మనుషుల దగ్గర చెల్లింది. పెంచుకున్న పగ్ కుక్క దగ్గర చెల్లలేదు.

దాన్ని అందరూ పిడత అంటారు. చప్పిడి మూతి, గుడ్లగూబ కళ్లు. అది అలా చూస్తే చాలు, చెల్లెలి చేతిలోని రొట్టె దాని నోట్లో ఉండేది. చివరకు నాలుగడుగులు వేస్తే ఊపిరందక కూలబడసాగింది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషన్ అవసరమనీ, ఒళ్లు తగ్గేదాకా మత్తుమందు ఇవ్వలేననీ, ఎండలు ముదిరితే ప్రాణానికే ముప్పనీ పశువుల డాక్టరు తేల్చి చెప్పాడు.

అప్పుడు నేను రంగప్రవేశం చేశాను. నన్నెవరూ పిలవలేదు. రెండు బీరువాల నిండా పత్రికల కత్తిరింపులు, కరపత్రాలు, రసీదులు దాచుకున్నవాడికి ఒకరి పిలుపెందుకు?

"ఇకమీదట దాని తిండి నా బాధ్యత. నువ్వు దానివైపు చూడకు," అన్నాను.

"చూడకుండా ఎలా అన్నయ్యా? నా కాళ్ల దగ్గరేగా పడుకుంటుంది."

"అయితే కళ్లు మూసుకుని కుట్టు!"

డాక్టరు చెప్పిన మోతాదులో మేత గుళికలు తూచి, లోతైన స్టీలు గిన్నెలో పెట్టేవాణ్ణి. ఆ మూతికి గిన్నె అడుగు అందదు. ముఖమంతా అందులో దూర్చి, సగం గుళికలు గదంతా చిమ్మేది. శాస్త్రోక్తమైన మోతాదు కడుపుకు చేరకపోతే నేను ఊరుకుంటానా? చిమ్మినంత మళ్లీ పోసేవాణ్ణి.

కొన్ని వారాలకు చెల్లెలు దాని పొట్ట చుట్టూ టేపు తిప్పింది. పొట్ట పెరిగింది! నేను మండిపడ్డాను. చెల్లెల్ని నిలదీశాను, ఎదురింటి మంగలిని అనుమానించాను, మేత తయారుచేసినవారికి ఘాటైన లేఖ రాసి నకలు భద్రపరిచాను.

"ఒట్టు అన్నయ్యా, ఒక్క ముక్క పెట్టలేదు," అంది చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ. "ఇది ఈ ఎండలు దాటుతుందంటావా?"

దొంగను పట్టుకుందామని ఒక మధ్యాహ్నం కత్తిరింపు బల్ల కింద నక్కాను. ఎవరూ రాలేదు. పిడత మాత్రం తాపీగా లేచి, మిషను కిందా గుడ్డపీలికల మధ్యా పడి ఉన్న గుళికలను ఒక్కొక్కటే ఏరుకుని తినేసింది. అంటే ఇన్నాళ్లూ దానికి పూటకు ఒకటిన్నర పూటల తిండి పెట్టింది సాక్షాత్తూ నేనే.

నడుము పట్టుకుని బయటికి వస్తుంటే చెల్లెలు అడిగింది: "దొరికాడా దొంగ?"

"దొరికాడు. ముసలివాడు. కళ్లజోడు కూడా ఉంది."

ఆమె మిషను మీద తలవాల్చి నవ్వింది.

మర్నాటి నుంచి వెడల్పాటి పళ్లెం. రెండో వడ్డన లేదు. పొట్ట మెల్లగా టేపుకు లొంగింది. ఎండలు ముదరకముందే డాక్టరు దాన్ని పరీక్షించి, "ఇప్పుడు చెయ్యొచ్చు. సోమవారం తీసుకురండి," అన్నాడు.

చెల్లెలు డాక్టరుకు దణ్ణం పెట్టేసింది. నేను మాత్రం, చప్పిడి మూతి జీవాలకు లోతు గిన్నెలు అంటగట్టే వర్తకుల బాధ్యతారాహిత్యం గురించి డాక్టరుకు ఉపన్యాసం మొదలుపెట్టాను.

"వాళ్లకు తర్వాత రాద్దువుగాని అన్నయ్యా," అంది చెల్లెలు. "ముందు దాన్ని దించు. నలిగిపోతోంది."

చూసుకుంటే, పిడతను రెండు చేతులతో గుండెకేసి అదుముకుని ఉన్నాను.